వీపు మీద తెల్లపట్టీ

టవర్ మీద నలభై మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు ఈరేశ్ కిందున్న మనుషుల వైపు చూడడు. ఆ రోజు మాత్రం చూశాడు. కాలువ గట్టు మీద ఆకుపచ్చ చుడీదార్ వేసుకున్న ఒకమ్మాయి బైనాక్యులర్స్ ఎత్తిపట్టుకుని సూటిగా తనవైపే చూస్తోంది.

కేబుల్ బిగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూశాడు. ఇంకా చూస్తూనే ఉంది.

ఈరేశ్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. సొంతూరు హచ్చొళ్ళి. ఐటీఐ చదివి, ఫోన్ టవర్లెక్కి రిపేర్లు చేసే ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో అతనెక్కని టవర్ లేదు. కానీ ఇంతవరకు ఏ అమ్మాయీ అతన్ని పావుగంటసేపు తల తిప్పకుండా చూడలేదు. హెల్మెట్ కింద జుట్టు ఎలా ఉందోనని కొంచెం బెంగపడ్డాడు.

దిగి, సేఫ్టీ బెల్టు విప్పి, గట్టు మీదికి నడిచాడు.

"ఏమన్నా కంప్లైంటా మేడమ్? నెట్‌వర్క్ సాయంత్రానికి వస్తాది."

"నెట్‌వర్క్ కాదండీ. నేను స్విఫ్ట్‌లని చూస్తున్నాను."

ఈరేశ్ రోడ్డు వైపు తిరిగాడు. వడ్ల మూటలతో ఒక ట్రాక్టర్ పోతోంది.

"స్విఫ్టా? యాడ? ట్రాక్టర్ ఉండాది."

ఆమె నవ్వాపుకుంది. "కారు కాదు, పిట్ట. మీ టవర్ చుట్టూ తిరుగుతున్నాయి చూడండి. మీరే మధ్యలో అడ్డం వచ్చారు."

"నేను అడ్డమొచ్చినానా? డ్యూటీ మీద ఎక్కినా మేడమ్. అయితే మీరు చూసింది నన్ను కాదు."

"హెల్మెట్ అడ్డం వచ్చినప్పుడు మాత్రం చూశాను."

ఆమె పేరు పద్మశ్రీ. సిరుగుప్పలో పీయూ కాలేజీలో, అంటే ఇంటర్ కాలేజీలో, బయాలజీ లెక్చరర్. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించే కుటుంబం. అలాంటి కుటుంబాలున్న ఊళ్ళని చుట్టుపక్కలవాళ్ళు క్యాంపులంటారు. బడిపిల్లల కోసం ఆమె తాలూకా పక్షుల మీద ఒక చిన్న పుస్తకం రాస్తోంది, కన్నడంలోనూ తెలుగులోనూ. డిసెంబరులో విడుదల.

"వీటిని మేం అబాబీలంటాం," అన్నాడు ఈరేశ్. "కన్నడంలో బానాడి."

"ఇవి ఇంటి స్విఫ్ట్‌లు. రైస్ మిల్లుల చూరు కింద గూళ్ళు పెడతాయి. గుర్తుపట్టడం చాలా తేలిక. వీపు చివర, తోక మొదలయ్యే చోట తెల్లపట్టీ ఉంటుంది. అది కనిపించిందా, ఇంటి స్విఫ్టే. ఇంక సందేహం లేదు."

"సందేహముండాది మేడమ్."

"ఏంటది?"

"తెల్లపట్టీ ఉండేటివి రెండు రకాలు. ఒకదానికి తోక పొట్టి, కత్తిరించినట్ల సమంగా ఉంటాది. ఇంకోటి కొంచెం పెద్దది. దాని తోక కత్తెర మాదిరి చీలింటాది. చలికాలంలోనే వస్తాది."

పద్మశ్రీ బైనాక్యులర్స్ దించింది. ఈ తాలూకా పక్షుల జాబితా ఆమెకి కంఠస్థం. అందులో అలాంటిది లేదు.

"చీలిన తోకంటే అది స్వాలో అనే వేరే పిట్ట అయ్యుంటుంది లెండి."

"కరెంటు తీగ మీద వరసగా కూచుంటాది, అదేనా? ఇవి కూచోవు మేడమ్. ఆరేండ్లుగా చూస్తాండా. ఒక్కటి కూడా తీగ మీద కాలు పెట్టలే."

ఆ మాట నిజమేనని ఆమెకి తెలుసు. స్విఫ్ట్ కాళ్ళు తీగ మీద కూర్చోవడానికి పనికిరావు. ఆ సంగతి పాఠం చెబితేగాని ఆమె విద్యార్థులకే తెలియలేదు. అయినా తగ్గలేదు.

"నేను నాలుగేళ్ళుగా ఈ గట్టు మీద నిలబడి చూస్తున్నానండీ."

"మీరు కిందనుంచి చూస్తారు. పొట్ట కనపడ్తాది. నేను పైనుంచి చూస్తా. వీపు కనపడ్తాది."

"ఫొటో ఉందా?"

"లేదు."

"ఫొటో లేకుండా నా పుస్తకంలో ఏదీ ఎక్కదు."

"టవర్ ఎక్కేది నేను కదా, తెస్తా. నంబరియ్యండి."

పిట్ట కోసమే కదా అని ఇచ్చింది. అలాగని తనకు తాను రెండుసార్లు చెప్పుకుంది.

తర్వాత రెండు వారాలు రోజూ ఫొటోలొచ్చాయి. మొదటిదాంట్లో ఆకాశం తప్ప ఏమీ లేదు. రెండోదాంట్లో సగం రెక్క. మూడోదాంట్లో అతని వేలు.

'ఇది బొటనవేలు జాతి. తాలూకా అంతటా ఉంది,' అని ఆమె జవాబిచ్చింది.

'తోక సమంగా ఉండాదా చూడండి మేడమ్,' అని అతను రాశాడు.

ఫొటోలతోపాటు ప్రశ్నలూ వచ్చేవి. ఇవి నిద్ర ఎప్పుడు పోతాయి? సాయంత్రమైతే గుంపుగా అరుస్తాయెందుకు? పిల్లకి మేత నోట్లో ఎంతసేపు దాస్తాయి? క్లాసులో ముప్ఫై మంది ఒక ఏడాదిలో అడగనన్ని ప్రశ్నలు అతనొక్కడే అడిగాడు. ఆమె వాయిస్ మెసేజ్‌లు పెట్టేది. కాలేజీ నుంచి ఇంటికి పోయే బస్సులో ఫోన్ చేతిలోనే ఉండేది. మెసేజ్ రాని రోజు సిగ్నల్ లేదేమోననుకునేది. సిగ్నల్ బాగుచేసేవాడే అతను కదా అని గుర్తొచ్చి నవ్వుకునేది.

మూడో శనివారం పద్మశ్రీ విద్యార్థుల్ని కాలువ గట్టుకి పక్షులు చూపించడానికి తీసుకొచ్చింది. అదే సమయానికి ఈరేశ్ బండి దిగి, ముఖం నిండా నవ్వుతో వచ్చాడు.

"దొరికింది మేడమ్. చీలిన తోక."

మూడు ఫొటోలు పంపాడు. ఆమె మొదటిది తెరిచింది. విద్యార్థులు చుట్టూ మూగారు. ఈసారి పిట్ట స్పష్టంగా ఉంది. తెల్లపట్టీ ఉంది. తోక మాత్రం విసనకర్రలా గుండ్రంగా విచ్చుకుని ఉంది.

"ఇంటి స్విఫ్టే," అంది. "తోక విప్పితే ఇలా గుండ్రంగా కనిపిస్తుంది. చీలిక ఎక్కడుందండీ?"

"ఆ పక్క ఫొటోలో…"

"అన్నా, ఇంకో టవర్ ఎక్కి చూడు," అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. తన విద్యార్థుల ముందు తన మాటే నెగ్గిందన్న ఉత్సాహంలో ఉందామె.

"టవర్ ఎక్కినంత మాత్రాన పిట్టలు తెలిసిపోవండీ. దానికి చదువు కావాలి."

ఈరేశ్ నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్ళలో మాత్రం ఆరిపోయింది.

"హౌదు, నిజమే మేడమ్," అన్నాడు. "చదువుకున్నోళ్ళు మీరు."

బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మెసేజ్ రాలేదు. మర్నాడూ రాలేదు.

నాలుగు రోజులు పద్మశ్రీ పుస్తకం ప్రూఫులు దిద్దింది. 'తెల్లపట్టీ ఉంటే ఇంటి స్విఫ్టే' అన్న వాక్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా కలం ఆగేది. తప్పేముంది, నిజమేగా చెప్పానని సర్దిచెప్పుకునేది. చెప్పిన తీరు మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఐదో రోజు స్టాఫ్ రూంలో ఒంటరిగా కూర్చుని, అతను పంపిన మిగతా రెండు ఫొటోలు తెరిచింది. రెండోదాంట్లోనూ అదే పిట్ట. మూడోదాంట్లో ఓ మూల ఇంకొకటుంది. వేళ్ళతో పెద్దది చేసి చూసింది. రెక్కలు పొడుగ్గా, కొడవళ్ళలా ఉన్నాయి. తెల్లపట్టీ సన్నగా ఉంది. తోక ముడుచుకుని మొనదేలి ఉంది. ఇంటి స్విఫ్ట్ తోక ముడిచినా మొనదేలదు.

చీలికతోక స్విఫ్ట్. హిమాలయాల్లో గూళ్ళు పెట్టి, చలికాలానికి దక్షిణానికి దిగే పిట్ట. తను నాలుగేళ్ళు తల ఎత్తి చూస్తున్న ఆకాశంలోనే తిరుగుతూ ఉండి ఉండాలి.

ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మధ్యాహ్నం క్లాసు అయ్యాక హచ్చొళ్ళి బస్సెక్కింది.

ఎక్కడో తుఫాను పట్టిందట, నవంబరు ఆకాశం బూడిదరంగులో కిందికి దిగి ఉంది. రోడ్డు మీద వడ్లు ఆరబోసినవాళ్ళు హడావిడిగా టార్పాలిన్లు కప్పుతున్నారు. ఊరి బయట టవర్ కింద అతని బండి చూసి దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. ఈరేశ్ పైనుంచి దిగుతున్నాడు. ఆమె గొడుగు కూడా లేకుండా కంచె పక్కన నిలబడింది.

అతను చూశాడు. తొందరపడలేదు. చివరి మెట్టు దిగి, బెల్టు విప్పి, అప్పుడు మాట్లాడాడు.

"వానలో టవర్ కింద నిలబడకూడదు మేడమ్. పిడుగు పడ్తాది. జరగండి."

ఐదు రోజుల తర్వాత విన్న మొదటి మాట అది. ఇద్దరూ పక్కపొలంలోని పంపుసెట్టు గది చూరు కిందికి పరుగెత్తారు.

"మూడో ఫొటో చూశాను," అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఆ రోజు చూడనేలేదు. మీరు చెప్పిందే నిజం. తప్పు నాది."

"పిట్ట విషయంలోనా, నా విషయంలోనా?"

ఆమె తడిసిన చున్నీ పిండుకుంటూ తల వంచుకుంది. "రెండిట్లోనూ."

వాన పెద్దదైంది. ఈరేశ్ హెల్మెట్ తీసి నీళ్ళు దులిపాడు.

"ఆ మాట అందరి ముందర అన్నారు. సారీ మాత్రం ఈడికి ఒక్కరే వచ్చి చెప్తాండారు."

పద్మశ్రీ తల ఎత్తింది. ఆ మాట చురుక్కుమంది, కానీ న్యాయంగా ఉంది.

"అందరి ముందే చెప్తాను. పుస్తకం విడుదల రోజు. మీరు రావాలి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. అందులో తమాషా లేదు.

"ఈ ఫొటో సరిపోతాదా?"

"నాకు సరిపోతుంది. మా గురురాజ్ సార్‌కి సరిపోదు. బళ్ళారిలో నాకు పాఠం చెప్పిన సారు, పుస్తకానికి ఆయనే ఎడిటరు. పిట్ట చాలా చిన్నగా పడింది. నేను నా కళ్ళతో, పైనుంచి చూడాలి."

"టవర్ ఎక్కనీను. రూలు లేదు. రూలున్నా నేను ఒప్పుకోను."

"మరెక్కడికి పోవాలి?"

"బళ్ళారి కోట గుట్ట ఉండాది కదా. ఆడ మనం పైన, అవి కింద. ఆదివారం వస్తాండా. మీరు కెమెరా తెండి."

ఆదివారం బళ్ళారి బస్సులో ఇద్దరికీ వేర్వేరు చోట్ల సీట్లు దొరికాయి. ఆమె ముందు, అతను వెనక. గంటన్నర ప్రయాణంలో ఆమె నాలుగుసార్లు వెనక్కి తిరిగింది. నాలుగుసార్లూ అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాడు.

గుట్ట ఎక్కేటప్పుడు ఆమెకి రొప్పొచ్చింది. అతనికి చెమట కూడా పట్టలేదు.

"నలభై మీటర్లకే అలిసినారా మేడమ్?"

"మాట్లాడించకండి."

పై గోడ దగ్గరికి వచ్చి కిందికి చూడగానే ఆమె నిజంగానే మాట మరిచిపోయింది. బండరాళ్ళు, ఊరి కప్పులు, వాటికీ తనకీ మధ్య గాలిలో వందల స్విఫ్ట్‌లు. వాన కడిగిన వెలుతురులో ప్రతి వీపూ కనిపిస్తోంది. నాలుగేళ్ళుగా పొట్టలే చూసిన పిట్టల్ని ఆమె మొదటిసారి పైనుంచి చూసింది.

"చెప్పండి," అన్నాడు ఈరేశ్. "ఆ ముందర పోయేది?"

"ఇంటి స్విఫ్ట్. పొట్టిగా ఉంది. తెల్లపట్టీ వెడల్పుగా పక్కలకి కూడా తిరిగింది. తోక సమంగా ఉంది."

"దాని వెనక?"

"అదీ అంతే. తోక విప్పింది, గుండ్రంగా ఉంది. నన్ను పరీక్ష చేస్తున్నారా?"

"సుమ్నే, ఊరికే అడుగుతాండా. ఆ కుడిపక్క, బండ మీదినుంచి వచ్చేది?"

ఆమె బైనాక్యులర్స్ తిప్పింది. పక్క పిట్టల కన్నా అది పొడుగ్గా ఉంది. రెక్క ఆడించే తీరులో తొందర లేదు. తెల్లపట్టీ సన్నటి గీతలా ఉంది. వీళ్ళకి ఎదురుగా వచ్చి, గాలికి ఒక్కసారి పక్కకి ఒరిగి తోక విప్పింది. తోక రెండుగా చీలింది.

"ఈరేశ్," అంది. ఆమె చెయ్యి అతని మోచేతిని పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకి తెలియలేదు. అతనికి తెలిసింది, కదలకుండా నిలబడ్డాడు.

"ఫొటో మేడమ్, ఫొటో తీయండి."

ఆమె తేరుకుని కెమెరా ఎత్తింది. వరసగా నొక్కుతూ పోయింది. నలభై ఫొటోల్లో ఒకదానిలో రెండు పిట్టలూ ఒకే చోట పడ్డాయి. ఎడమవైపు సమంగా ఉన్న తోక, కుడివైపు చీలిన తోక, రెండింటికీ తెల్లపట్టీ. బడికి పోయే పిల్లలకి కూడా తేడా తెలిసేంత స్పష్టంగా ఉంది.

ఇద్దరూ గోడ మీద కూర్చుని ఆ ఫొటోనే మళ్ళీ మళ్ళీ చూశారు.

"నాకు తెలుసు అన్న గర్వంతో ఇన్నాళ్ళూ తిరిగాను," అంది పద్మశ్రీ. "ఈ రోజు కూడా గర్వంగానే ఉంది. కానీ అది మీ గురించి."

ఈరేశ్ చెవులు ఎర్రబడ్డాయి.

"పుస్తకం అయిపోయినాక కూడా మెసేజ్ చేయొచ్చా?"

"ఏమని చేస్తారు?"

"అదే కష్టం. నాకు తెలిసిన పిట్టలు అయిపోతాండాయి."

"పిట్టలు అయిపోతే మీ గురించి రాయండి," అందామె. "నేను చదువుతాను."

ఆ సాయంత్రమే గురురాజ్ గారికి ఫొటో పంపి ఫోన్ చేసింది.

"పుస్తకం ప్రెస్సుకి పోయిందమ్మా," అన్నాడాయన. "ఒక్క వాక్యం కదా. వచ్చే ముద్రణలో దిద్దుకుందాం. ఎవరు గమనిస్తారు?"

"పిల్లలు గమనిస్తారు సార్. తెల్లపట్టీ ఉంటే ఇంటి స్విఫ్టేనని మనం నేర్పిస్తే, రెండో పిట్టని చూసిన పిల్ల తన కళ్ళనే నమ్మదు. నేను కూడా ఒక మనిషిని నమ్మలేదు."

అవతల ఆయన కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్న చప్పుడు వినిపించింది. ఫొటో చూస్తున్నాడని ఆమెకి అర్థమైంది.

"ఆ పేజీ ఆపమని చెప్తాను," అన్నాడు చివరికి. "మళ్ళీ రాసి పంపు. చూసినతని పేరు స్పెల్లింగు కూడా పంపు, తప్పు పడకూడదు."

డిసెంబరు రెండో వారంలో కాలేజీ హాల్లో విడుదల సభ జరిగింది. పద్మశ్రీ తండ్రి వెంకటరత్నం ముందు వరసలో కూర్చున్నాడు. క్యాంపులో ఆయన మాటకి ఎదురుండదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి అలవాటు లేదు. ఆలస్యంగా వచ్చి చోటు కోసం చూస్తున్న ఒక పెద్దావిడకి పక్క కుర్చీ చూపించాడు.

పద్మశ్రీ మైకు ముందుకి వచ్చింది. ముందు పుస్తకం గురించి చెప్పింది. తర్వాత తన విద్యార్థుల వైపు తిరిగింది.

"పోయిన నెల కాలువ గట్టు మీద మీ ముందు నేనొక మాటన్నాను. పిట్టలు తెలియాలంటే చదువు కావాలని. ఆ రోజు పుస్తకం చదివింది నేను, పిట్టని చూసింది ఆయన. నేను రాసింది తప్పు. పద్నాలుగో పేజీలో ఇప్పుడున్నది సరైంది. దాన్ని సరిచేసింది హచ్చొళ్ళి ఈరేశ్ గారు. నా మాటకి ఆయనకి మీ అందరి ముందు క్షమాపణ చెప్తున్నాను."

ఆ రోజు నవ్విన విద్యార్థులే ముందుగా చప్పట్లు కొట్టారు.

ఈరేశ్‌ని వేదిక మీదికి పిలిచారు. మైకుని కొంచెం పక్కకి జరిపాడు. తర్వాత రెండు చేతులూ రెక్కల్లా చాచాడు.

"ఇది ఇంటి స్విఫ్టప్పా. పొట్టిగా ఉంటాది. తొందర తొందరగా రెక్కలు కొడ్తాది. ఇంకోటి పెద్దది, ఇట్ల నిదానంగా తేలతాది. రెండిటికీ వీపు మీద తెల్లపట్టీ ఉండాది. అందుకే పట్టీ చూసి ఆగిపోకూడదు. తోక దాకా చూడాల. గుండ్రంగా విప్పితే ఒకటి, రెండుగా చీలితే ఇంకోటి. ఒక్క చూపుకే చెప్పకండి. నేను ఆరేండ్లు చూసినా, మొన్న ఫొటో తీసేటప్పుడు నేనూ తప్పు పిట్టనే తీసినా."

జనం నవ్వారు. ఈసారి అతనూ నవ్వాడు.

"కుర్రాడు భలే చెప్తున్నాడే," అన్నాడు వెంకటరత్నం. "ఎవరబ్బాయో."

పక్కనున్న పెద్దావిడ పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"నా కొడుకప్పా. నా పేరు సిద్దక్క."

ఆయన ఆమె వైపు చూశాడు. తనూ నిటారుగా కూర్చున్నాడు.

"ఇందాక మాట్లాడింది నా కూతురమ్మా."

వేదిక మీద పద్మశ్రీ, ఈరేశ్ చేతికి మొదటి ప్రతి ఇస్తోంది. పుస్తకం చేతులు మారినా ఇద్దరి చూపులూ మారలేదు. సిద్దక్క అది చూసింది. వెంకటరత్నమూ చూశాడు.

"చూస్తాండారా?" అని మెల్లగా అడిగింది సిద్దక్క.

"చూస్తూనే ఉన్నానమ్మా."

"కోపమొచ్చిందా అప్పా? మేము ఈడోళ్ళం. మీరు క్యాంపోళ్ళు."

"నేను పుట్టింది ఈ తాలూకాలోనేనమ్మా. క్యాంపు అని మీరంటారు. మేం ఊరనే అంటాం." ఆయన కండువా తీసి మడిచి, మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. "తప్పయిందని నలుగురిలో చెప్పడం నా కూతురికి నేను నేర్పలేదు. నాకే రాదు. దాన్ని అంత గొప్పగా నిలబెట్టిన పిల్లాడి మీద కోపమెందుకు?"

సభ ముగిశాక ఆయన తిన్నగా ఈరేశ్ దగ్గరికి నడిచాడు. పద్మశ్రీ పుస్తకాలు వదిలి గబగబా అటు వచ్చింది.

"అబ్బాయ్, ఆదివారం మా ఇంటికి రా. అమ్మగారిని కూడా తీసుకురా."

"ఏమన్నా పనుందా సార్?"

"భోజనానికి. తిన్నాక పెద్దవాళ్ళం మేం మాట్లాడుకునేది ఉంది."

ఆయన వెళ్ళిపోయాడు. ఈరేశ్ నిలబడ్డచోటే నిలబడిపోయాడు. తర్వాత పద్మశ్రీ వైపు తిరిగాడు.

"మేడమ్, మీ నాయన ఏమన్నాడో నాకు సరిగా అర్థమైందా?"

"సరిగానే అర్థమైంది. అడగాల్సినవాళ్ళు మాత్రం ఇంకా నన్ను అడగలేదు."

చుట్టూ విద్యార్థులు కుర్చీలు సర్దుతున్నారు. అతను ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"నన్ను చేసుకుంటావా పద్మా?"

మేడమ్ అన్న మాటా, మీరు అన్న మాటా రెండూ ఒకేసారి పోయాయి. ఆ సంగతి అతను గమనించలేదు. ఆమె గమనించింది.

"చేసుకుంటాను," అంది, తలెత్తి, దాచుకోవాలని కూడా అనుకోకుండా, పక్కన కుర్చీలు మోస్తున్నవాళ్ళకి వినపడేంత గట్టిగా.